పసివారి బడిలో సంక్రాంతి

ఇంటిపండుగకుఁ గర్త యిల్లాలు. వాకిలి యలికి ముగ్గు పెట్టుట మొదలు అరిసెలు వండుటవఱకు సమస్తమును ఆమె చేతిమీఁదుగానే జరుగును. మఱి బడిపండుగకుఁ గర్త యెవరు? ఉపాధ్యాయుఁడా, అంగడివాఁడా, పిల్లవాని తల్లియా, లేక ఆ బడిలోఁ జదువుకొను పసివాఁడా? ఈ ప్రశ్న చిన్నదిగాఁ దోఁచును గాని, ఒకటవ తరగతి, రెండవ తరగతి బిడ్డలు గల తల్లులందఱును దీనిని దమలోఁ దాము వేసికొనఁదగినది. ఉపాధ్యాయుని యింట నుండుటచే ఈ విషయము ప్రతి సంవత్సరమును మా కన్నులయెదుటనే జరుగుచున్నది. కావున మాకుఁ దోఁచిన నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవింపఁ దలఁచితిమి.

పండుగకును బడికిని గల పొత్తు మనకుఁ గ్రొత్తది కాదు. వెనుకటి వీథిబడులలో దసరా వచ్చినపుడు పంతులుగారు పిల్లలచేతఁ బద్యములును బాటలును వల్లె వేయించి, పూలతోను రంగుకాగితములతోను సింగారించిన విల్లంబులను వారి చేతులకిచ్చి, యింటింటికిని దోడ్కొని పోయెడివారు. గృహస్థులు పిల్లలకుఁ బప్పుబెల్లములు పెట్టి, పంతులుగారికిఁ దమకుఁ దోఁచిన కట్నము నిచ్చి పంపెడివారు. పంతులుగారి జీవనమునకు అది యొక యాధారము గూడ. ఆ యాచారమునందు గమనింపవలసిన దొకటి కలదు. పాడినవాఁడు పిల్లవాఁడు. పద్యము నోటికి వచ్చినది వానికి. పదిగడపలలో నిలిచి, పెద్దలయెదుట వెఱపు లేక నోరు విప్పుట నేర్చినదియు వాఁడే. పిల్లలు చేయుచుండఁగాఁ బెద్దలు చూచి సంతోషించెడివారు.

ఇప్పుడీ క్రమము పెక్కుచోట్లఁ దలక్రిందైనది. సంక్రాంతి సెలవులకు నాలుగు దినములు ముందుగా బడినుండి తల్లిదండ్రుల సెల్లుఫోనులకు సందేశము వచ్చును: రేపటికి రంగుకాగితములు, తళుకుపొడి, థర్మోకోలుపలక, గాలిపటముల మాల, పట్టుపరికిణీ లేక పంచెకట్టు. తల్లి యంగడికిఁ బరువెత్తును. రాత్రి పది గంటలదాఁకఁ గూర్చుండి కత్తిరించి యంటించును. పిల్లవాఁడు ప్రక్కనే నిద్రించుచుండును. మఱునాఁడు ఆ వస్తువు బడిగోడ నెక్కును. పిల్లలను వరుసగా నిలిపి ఫోటో తీయుదురు. దానితోఁ బండుగ ముగిసినది. పెద్దలు చేయఁగాఁ బిల్లలు చూచిరి. చూచుటయు నొక గడియసేపే!

ఇందు మాకు మిక్కిలి బాధ కలిగించున దింకొకటి కలదు. ఆ సందేశము కూలికిఁ బోవు తల్లికిని వచ్చును. పట్టుపరికిణీ కొనలేని యింటి బిడ్డ ఆ దినమునఁ గడుపునొప్పి యని బడికి రాదు. అట్టి బిడ్డలను మేమెఱుఁగుదుము. పండుగ మఱునాఁడు వచ్చి, గోడమీఁది బొమ్మలలోఁ దనపేరు గలది లేకుండుటను జూచి, మాటాడక వెనుకవరుసలోఁ గూర్చుండును. బిడ్డను బడికిఁ దెచ్చుటకై యేర్పడిన వేడుకయే బిడ్డను ఇంట నిలుపునట్లయిన, ఆ వేడుక యెవరికొఱకు?

అదియుఁగాక, అలంకారమునకు వాడు థర్మోకోలును, బెలూనులకుఁ గట్టు ప్లాస్టికు పుల్లలును, ప్లాస్టికు జెండాలును 2022వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి మన దేశమంతటను నిషేధింపఁబడినవి. చట్టము వలదన్న వస్తువును బడికిఁ దెమ్మని పసివానితోఁ జెప్పి, మఱల వానికే పరిసరముల శుభ్రతను బోధించుట యెట్లు పొసఁగును?

కావున మే మనునది యిది. బడిపండుగలో బిడ్డ చేయి యెంతవఱకుఁ బనిచేసెనో అంతవఱకే అది బిడ్డకుఁ జదువు. మిగిలినది పెద్దల వేడుక. 2022లో వెలువడిన పునాదిదశ జాతీయ పాఠ్యప్రణాళిక 3 మొదలు 8 ఏండ్లవఱకు గల బిడ్డలకు ఆటపాటల మూలముగనే చదువు నేర్పవలెనని చెప్పుచున్నది. సంక్రాంతికంటె మించిన యాటపాటల పండుగ తెలుగునాట నేది గలదు? దానిని అంగడిలోఁ గొన నక్కఱలేదు. ఇంటిలోను, పెరటిలోను, పొలములోను ఉన్న వస్తువులే చాలును.

మొదట గోడలను గూర్చి చెప్పెదము. గది యెంత నిండుగా నున్న అంత యందమనియు, అంత చదువనియుఁ బలువురు తలఁచుచున్నారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన పరిశోధకులు 2014లో నొక పరీక్షాఫలితమును బ్రకటించిరి. వారు 24 మంది కిండర్‌గార్టెను పిల్లలకు ఆఱు పాఠములు చెప్పించిరి. మూఁడు పాఠములు గోడలనిండ బొమ్మలును పటములును వ్రేలాడు గదిలోను, మూఁడు పాఠములు గోడలు ఖాళీగా నున్న గదిలోను జరిగినవి. బొమ్మల గదిలోఁ బిల్లలు పాఠమునుండి దృష్టి మరల్చిన కాలము నూటికి 39 వంతులు కాఁగా, ఖాళీ గదిలో 28 వంతులు మాత్రమే. పిమ్మట నడిగిన ప్రశ్నలకు బొమ్మల గదిలో నూటికి 42, ఖాళీ గదిలో 55 చొప్పున సరియైన సమాధానములు వచ్చినవి. పెద్దవారు చూచి మఱచు బొమ్మ పసివాని కంటిని లాగుచునే యుండునని దీనివలనఁ దెలియుచున్నది.

గోడలను బోసిగా విడువవలెనని దీని భావము కాదు. నల్లబల్ల యున్న గోడను, దాని యిరుప్రక్కలను ఖాళీగా నుంచి, వెనుకగోడనో వసారానో పండుగ కిచ్చిన సరిపోవును. అచ్చటఁ గట్టునవి పిల్లల కంటియెత్తున నుండవలెను. నిచ్చెన వేసి పెద్దలు కట్టినది పెద్దలకే కనఁబడును. ప్రతి బిడ్డదియు నొక్కటి, తక్కువగాని యెక్కువగాని లేక, యుండవలెను. దానిక్రిందఁ దన పేరును దానే వ్రాయవలెను. వంకరయైనను మంచిదే. సెలవులు గడచి వచ్చిన వారములోనే వానిని విప్పి యింటికిఁ బంపవలెను. సంక్రాంతి గాలిపటము ఉగాదివఱకు గోడమీఁద వెలిసిపోవుచుండిన, పిల్లవాఁడు దానిని జూచుటయే మానుకొనును.

ఇఁక ముగ్గు. ధనుర్మాసమంతయు మన వాకిళ్లలో నుండు ముగ్గును మించిన లెక్కల పలక లేదు. ఒకటవ తరగతివారికి మొదట 1, 3, 1 చుక్కలు పెట్టించి, మొత్త మెన్నియని యడుగవలెను. అయిదు. తరువాత 1, 3, 5, 3, 1. పదమూఁడు. రెండవ తరగతివారికి ఇంకొక వినోదము గలదు. వరుసకు అయిదేసి చొప్పున అయిదు వరుసలు పెట్టింపుఁడు. చదరముగా 25 చుక్కలు వచ్చును. దాని ప్రక్కనే 1, 3, 5, 7, 5, 3, 1 అని పెట్టింపుఁడు. మూలలు తేలిన ముగ్గు వచ్చును. చూపున కిది పెద్దదిగాఁ దోఁచును. ఎందులో నెక్కువ యని యడిగినఁ బిల్లలందఱు దీనినే చూపుదురు. ఎంచి చూచిన నిదియు 25! ఆకారము మాఱినను సంఖ్య మాఱదను విషయమును బల్లమీఁద పదిమాఱులు చెప్పినను బట్టనిది, నేలమీఁద నొక్కమాఱు వ్రేలితో నెంచినఁ బట్టును. బియ్యపుపిండితోఁ బెట్టింపుఁడు. అంగడిలోని రంగుపొడులు కన్నులలోఁ బడిన మంట. బియ్యపుపిండి చీమలకును బిచ్చుకలకును ఆహారము.

ముగ్గు ఆఁడుపిల్లల పని యనియు, గాలిపటము మగపిల్లల పని యనియు బడిలో విభజింపరాదు. మావారి తరగతిలో నొక పిల్లవాఁడు, "నేను ముగ్గు పెట్టనండీ, మా అక్క పెడుతుంది" అని చేతులు కట్టుకొని నిలిచినాఁడు. "సరే, చుక్కలు మాత్రము పెట్టుము, తప్పు లేకుండ వచ్చునేమో చూతము" అని మావారు పిండిగిన్నె వానిచేతి కిచ్చిరి. వాఁడు మూఁడు మాఱులు చెఱిపి, నాలుగవమాఱు సరిగాఁ బెట్టి, ప్రక్కవాని చుక్కలలోని తప్పు దిద్దుటకుఁ బోయినాఁడు. లెక్కకు ఆఁడు మగ భేదము లేదుగదా.

తోరణము రెండవ పాఠము. ఒక మామిడాకు, ఒక బంతిపువ్వు. మఱల ఆకు, పువ్వు. ఇది యొకటవ తరగతివారికి. రెండాకులు, ఒక పువ్వు, రెండాకులు, ఒక పువ్వు. ఇది కొంచెము కష్టము. తరువాత రానున్న దేమియని ముందుగా నడిగి, పిమ్మట గ్రుచ్చనీయవలెను. ఎనిమిదవ స్థానమున నాకా, పువ్వా యని యడిగినఁ గొందఱు గ్రుచ్చి చూచెదమందురు; కొందఱు మనసులోనే యెంచి చెప్పుదురు. ఇరువురును మంచి దారిలోనే యున్నారు. సూది పసివారి కీయక, ఆకుకాడను దారముమీఁదికి మడిచి యీనెపుల్లతోఁ గ్రుచ్చుటను నేర్పవచ్చును.

సంక్రాంతి పంటలపండుగ గనుక మూఁడవ పాఠము ధాన్యము. బిడ్డకొక గుప్పెఁడు చొప్పున ఇంటిలో నున్నదానినే తెమ్మనవలెను. ఒకఁడు వడ్లు, ఒకఁడు కందులు, ఒకతె నువ్వులు. గుప్పెఁడు గింజలు లేని యిల్లుండదు. ఉండిన బడియే యిచ్చును. గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, శనగలు, బొబ్బర్లు, నువ్వులు, మినుములు, ఉలవలు నను నవధాన్యములను గలిపి పోసి, తొమ్మిది దొన్నెలలోనికి వేఱుచేయించుట పసివ్రేళ్లకు గొప్ప సాధకము. పలకపుల్ల పట్టవలసిన వ్రేళ్లకు బలము ఇట్లే వచ్చును. సోలతో తవ్వను నింపింపుఁడు. రెండు సోలలకు తవ్వ నిండును. రెండు తవ్వలకు మానిక నిండును. మానికకు సోలలెన్ని? తామే కొలిచి నాలుగని చెప్పినవారు మఱవరు. పెసలను తడిగుడ్డలో మూటగట్టిన రెండు దినములలో మొలకలు కనఁబడును. ఒక్క జాగ్రత్త మాత్రము తప్పక చెప్పవలయును: గింజలు ముక్కులోను జెవిలోను బెట్టుకొను వయసిది. పెద్దవారు ప్రక్కన లేకుండ ఈ పని చేయింపరాదు.

నాలుగవది బొమ్మల కొలువు. ఇది భాషాపాఠము. మెట్లు మూఁడో అయిదో బేసిసంఖ్యలో నేర్పఱచి, బిడ్డ కొక బొమ్మను తెమ్మనవలెను. గుడ్డబొమ్మ యైనను, మట్టితోఁ జేసిన యెద్దైనను, విఱిగిన బండియైనను సరే. బొమ్మ వెల యడుగరాదు. దాని కథ యడుగవలెను. ఎవరిచ్చిరి? దాని పేరేమి? నిన్న రాత్రి యేమి చేసినది? తరగతిలో నోరు విప్పని బిడ్డ సైతము తన బొమ్మపక్షమున మాటాడును. ఉపాధ్యాయుఁడు దానిలో నొక వాక్యమును బల్లపై వ్రాసి చదివించిన, అదియే నాఁటి వాచకము. మన కొండపల్లి బొమ్మలు తేలికయైన తెల్లపొణికి కఱ్ఱతోను, ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కఱ్ఱతోను జేయుదురనియు, ఏటికొప్పాకవారు లక్కలో రంగులు కలిపి తిరుగుచున్న కఱ్ఱకుఁ బట్టింతురనియుఁ జెప్పిన, బొమ్మ వెనుక నొక మనిషి చేయి కలదని బిడ్డకుఁ దెలియును.

పాటలు మఱువరాదు. గొబ్బిపాటలు మనకు నిన్న మొన్నటివి కావు. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రముననే గొబ్బిపదములను బేర్కొనియున్నాఁడు. యంత్రమునుండి సినిమాపాట మ్రోగించి పిల్లలను గంతులు వేయించుటకంటె, ఊరిలోని యొక ముసలమ్మను బిలిచి, ఆమె నోట రెండు చరణములు చెప్పించి, చప్పట్లతోఁ గూడ గుండ్రముగాఁ దిరిగించిన, తాళమును మాటయు నొక్కమాఱే యబ్బును.

అయిదవది ఆకాశపాఠము. బడి యావరణలో ఒక మీటరు కఱ్ఱను నిలువుగా నాటి, మధ్యాహ్నమున నీడ మిక్కిలి పొట్టిగా నున్నపుడు దాని కొనవద్ద రాయి పెట్టింపుఁడు. వారమున కొకమాఱు చేసినఁ జాలును. విజయవాడ ప్రాంతమున ఆ నీడ డిసెంబరు 22వ తేదీకి సుమారు 84 సెంటీమీటర్లు, సంక్రాంతికి 78, ఫిబ్రవరి నడుమకు 57. రాళ్ల వరుస కఱ్ఱవైపునకు నడచి వచ్చుచుండును! సూర్యుఁడు ఉత్తరమునకు మరలినాఁడని పుస్తకము చెప్పనక్కఱలేదు; రాళ్లే చెప్పును. నీడ తగ్గ నారంభించుట డిసెంబరు చివరివారముననే యుండఁగా పండుగ జనవరి 14, 15 తేదీలలో నేలయని పెద్దపిల్ల లడుగవచ్చును. పండుగ సూర్యుని మకరరాశి ప్రవేశమును బట్టి వచ్చును. అయనచలనము కారణముగా ఆ దినము సుమారు 72 ఏండ్ల కొకదినము చొప్పున వెనుకకు జరుగుచు వచ్చినది. గాలిపటములు ఎగురవేయువారు నూలుదారమునే వాడవలెను. నైలాను మాంజాను జాతీయ హరిత ధర్మాసనము 2017లో నిషేధించినది. అది పక్షుల ఱెక్కలను, దారిఁబోవువారి గొంతుకలను గోయును.

ఇది సంక్రాంతికి మాత్రమే చెల్లు పద్ధతి కాదు. తెలంగాణమున దసరా సెలవులకు ముందు బడులలో బతుకమ్మను బేర్తురు. 2014లో ఆ పండుగ రాష్ట్రపండుగ యైనది. తంగేడు, గునుగు పూలను క్రింద పెద్ద వలయముగాను, పైకిఁ బోవుకొలఁది చిన్న వలయములుగాను బేర్చుట యెంతటి వరుసపాఠము! ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మవఱకు తొమ్మిది దినముల పేర్లు చెప్పించిన, మొదటిది, రెండవది, మూఁడవది యను వరుసయు నోటికి వచ్చును. అట్లే తరగతిలోని క్రైస్తవబిడ్డ క్రిస్మసుకు వెదురుపుల్లల నక్షత్రమును, మహమ్మదీయబిడ్డ రంజానుకు నెలవంకను జేసి చూపుట కవకాశ మీయవలెను. ప్రభుత్వధనముతో నడచు బడులలో మతబోధ కూడదని మన రాజ్యాంగము 28వ అధికరణమునఁ జెప్పినది. పూజ యింటికి విడిచి, పంట, పువ్వు, నీడ, నక్షత్రము, లెక్క, పాట, వీనిని బడికిఁ దెచ్చిన, ఏ బిడ్డయు వెలిగా నుండఁడు.

సెలవుల పనిని గూర్చి యొకమాట. పది దినముల సెలవులకుఁ బదిపుటలు చూచి వ్రాయుమనుట బిడ్డకు శిక్ష; కడపటి రాత్రి తల్లికిని శిక్షయే. దానికి మాఱుగా అమ్మమ్మనో తాతయ్యనో అడిగి పది మాటలు తెమ్మన్న నెంత బాగుండును! కళ్లము, కుప్ప, నూర్పిడి, తూర్పారఁబట్టుట, గాదె, చేట, జల్లెడ, పలుపు, కాఁడి, నాఁగలి. ట్రాక్టరును మాత్రమే చూచిన బిడ్డకు ఈ మాటలు కథలవలె నుండును. మాటకొక బొమ్మ వేసిన నొక చిన్నపుస్తకమే యగును. అరిసెలు చల్లాఱిన పిమ్మట ఇరువదినాలుగింటిని బళ్లెములో నాలుగేసి వరుసలుగాను, ఆఱేసి వరుసలుగాను, ఎనిమిదేసి వరుసలుగాను బేర్పింపుఁడు. ఎక్కము దానంతటదే వచ్చును. పొయ్యిదగ్గఱకు మాత్రము రానీయవలదు.

తల్లులారా! బడినుండి సందేశము వచ్చినపుడు అంగడికి బయలుదేరుటకు ముందు పంతులుగారిని గాని పంతులమ్మగారిని గాని మర్యాదగా మూఁడు సంగతు లడుగుఁడు. ఈ వస్తువును జేయునది నా బిడ్డయా, నేనా? ఇది తరగతిలోని ప్రతి యింటికిని అందునదియేనా? దీనిని జేయుచు బిడ్డ నేర్చున దేమి? ఉపాధ్యాయులలోఁ బెక్కురు ఈ మాటల కానందింతురు. తల్లిదండ్రులు ఆడంబరమునే కోరుదురను తలంపుతోనే వారు నట్లు చేయుచున్నారని మావారి యనుభవము. తల్లులు పదుగురు కలిసి, మాకు ఫోటోలకంటెఁ బిల్లల చేతిపని చాలునని చెప్పిన, వచ్చు సంక్రాంతికే వెనుకగోడమీఁద వంకరటింకర పేర్లతోఁ బదునైదో యిరువదియో తోరణములు వ్రేలాడును. ఆనాఁడు హాజరుపట్టీలో నెవరి పేరునకు నెదుటను సున్న లేకుండెనా, అదియే బడికి సరియైన పండుగ.